గీత పక్కన ఊరు, ఏటి పక్కన పేట

గోదావరి డెల్టాలో తెల్లవాళ్లు కాలుపెట్టని రేవు లేదు. పాలకొల్లులో, ద్రాక్షారామంలో డచ్చివాళ్లు బట్టలు కొన్నారు. ఇంజరంలో ఇంగ్లీషువాళ్లు కొన్నారు. ఆ చోట్లు తర్వాత మామూలు ఊళ్లలో కలిసిపోయాయి. రెండు మాత్రం అలా కలిసిపోలేదు. ఒకటి కాకినాడలోని జగన్నాథపురం, రెండోది యానాం. కాకినాడ నుంచి కోరంగి, తాళ్లరేవు మీదుగా 216 జాతీయ రహదారిలో వెళ్తే రెంటికీ మధ్య ముప్పై కిలోమీటర్లు కూడా ఉండవు. జగన్నాథపురం డచ్చివాళ్ల స్థావరంగా మొదలై కాకినాడ నగరానికి ఒక భాగమైంది. యానాం ఫ్రెంచివాళ్ల స్థావరంగా మొదలై ఇప్పటికీ ఆంధ్రప్రదేశ్ మధ్యలో పుదుచ్చేరి ముక్కగా ఉంది.

రెండు చోట్ల గురించీ ఒకే మాట వింటాం: అక్కడ అన్ని రకాల జనమూ ఉంటారు, అన్ని మతాలవాళ్లూ ఉంటారు, దొరలు ఏలిన చోటు కదా అని. మొదటి రెండు ముక్కలూ నిజమే. మూడోదే నాకు మింగుడుపడదు. జగన్నాథపురం గానీ, యానాం గానీ పలురకాల జనంతో నిండింది దొరలు వచ్చి స్థిరపడినందువల్ల కాదు. ఒకచోట మనవాళ్లు సముద్రం దాటి వెళ్లివచ్చినందువల్ల, ఇంకోచోట మనవాళ్లే ఒక సరిహద్దు గీతను అటూ ఇటూ దాటుతూ ఉన్నందువల్ల.

దొరల లెక్క ముందు తేల్చుకుందాం. ఫ్రెంచివాళ్లు యానాంలో మొదట దిగింది 1723లో. నాలుగేళ్లకే మూసుకుపోయి, 1731లో మళ్లీ వచ్చారు. డచ్చివాళ్లు జగన్నాథపురంలో కొట్లు తెరిచింది 1734లో. అంటే ఇద్దరిదీ ఒకే కాలం, ఒకే సరుకు. ఇద్దరికీ కావలసింది గోదావరి పల్లెల నేతబట్టే. బందరులో వలందపాలెం, పరాసుపేట, ఇంగ్లీషుపాలెం ఒకే ఊళ్లో సర్దుకున్నట్టే ఇక్కడా కంపెనీలు కూతవేటు దూరంలో ఒకరి ఎదుట ఒకరు దుకాణం పెట్టాయి. అయితే ఏ కాలంలోనూ ఈ దొరలు గుప్పెడు మందికి మించి లేరు. జగన్నాథపురంలో వాళ్ల గుర్తులంటే పాత సమాధులు. యానాంలో వాళ్ల గుర్తంటే 1846లో కట్టిన చర్చి, జనం నోట్లో ఫ్రెంచోళ్ల గుడి. ఇరవయ్యో శతాబ్ది మొదట్లో యానాం జనాభా మొత్తం అయిదువేల దగ్గర, కాకినాడది నలభై ఎనిమిది వేల చిల్లర. అందులో తెల్లతోలు ఎంతని వెతకడం వృథా. వెతకవలసింది మిగిలిన వేలమంది ఎక్కడెక్కడి నుంచి వచ్చి ఎందుకు చేరారన్నది.

కాకినాడ సంగతి పాఠకులకు తెలిసిందే కాబట్టి అక్కడ మొదలుపెడతాను. 1825లో డచ్చివాళ్లు జగన్నాథపురాన్ని ఇంగ్లీషువాళ్లకు అప్పగించి వెళ్లిపోయారు. అప్పటికి పెద్ద రేవు కోరంగి. అక్కడ ఓడలు కట్టేవాళ్లు, బాగుచేసేవాళ్లు. 1839 తుపాను కోరంగిని ఊడ్చేసింది. నది తెచ్చిన మేట మిగతా పని చేసింది. వ్యాపారం మెల్లిగా ఉత్తరానికి, కాకినాడకు జరిగింది. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలై ఇంగ్లండు మిల్లులకు పత్తి కరువయ్యేసరికి మన పత్తికి గిరాకీ వచ్చి, కాకినాడ కొట్లలో బేళ్లు పేరుకున్నాయి. 1866లో పురపాలక సంఘం ఏర్పడింది. కోమట్లు వచ్చారు, మార్వాడీలు వచ్చారు, యూరోపియన్ కంపెనీల గుమాస్తాలు వచ్చారు, బస్తాలు మోసే కూలీలు చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చారు. ఉప్పుటేరుకు అటువైపు నగరం, ఇటువైపు జగన్నాథపురం, మధ్యన వంతెన. ఏటి మొగదాకా మత్స్యకారుల ఇళ్లు. వాళ్లు ఎవరూ రాకముందు నుంచీ ఉన్నవాళ్లు.

యానాం పెరిగిన తీరు ఇందుకు పూర్తిగా భిన్నం. కాకినాడను పెంచింది రేవు కాగా యానాంకు రేవు కలిసిరాలేదు. గౌతమి నుంచి కోరంగి పాయ విడిపోయే చోట ఉంది ఆ ఊరు. కోరంగిని దెబ్బతీసిన తుపానే యానాంనూ దెబ్బతీసింది, అదే మేట దాన్నీ కప్పింది. వ్యాపారం పోయాక యానాంకు మిగిలింది ఒక్కటే: చుట్టూ ఇంగ్లీషువాడి చట్టం, లోపల ఫ్రెంచివాడి చట్టం. ఆ తేడాయే దానికి రేవైంది. జగన్నాథపురానికి జనాన్ని ఓడ తెచ్చిపెట్టింది, యానాంకు గీత తెచ్చిపెట్టింది.

ముందు సముద్రం సంగతి. కోరంగి నుంచి వెళ్లినవాళ్లు ఎంతమందో గానీ, బర్మాలో మన తెలుగువాళ్లకు 'కోరంగీలు' అనే పేరు స్థిరపడిపోయింది. మారిషస్‌లోనూ అంతే. రంగం, అంటే రంగూన్, వెళ్లడమంటే ఒకప్పుడు ఈ తీరంలో ఇప్పటి హైదరాబాదు వెళ్లడమంత మామూలు మాట. వడ్లమిల్లుల పని రోజుల్లో వెళ్లి, నాలుగు డబ్బులు చేసుకుని, స్టీమరెక్కి వచ్చేవాళ్లు. మళ్లీ వెళ్లేవాళ్లు.

ఆ వెళ్లినవాళ్లలో మల్లాడి సత్యలింగం నాయకర్ ఒకడు. 1840లో పుట్టాడు. కోరంగి ప్రాంతపు పేద అగ్నికుల క్షత్రియ కుటుంబం. రంగంలో కూలిపనితో మొదలుపెట్టి రేవు వ్యాపారంలో కోటికి పడగెత్తాడు. 1915లో పోయేనాటికి ఆస్తిని ధర్మానికి రాసి పెట్టాడు. ఎం.ఎస్.ఎన్. ఛారిటీస్ అంటే ఆ వీలునామాయే. ఆ పేరుతో ఉన్న కళాశాల జగన్నాథపురంలోనే ఉంది. చొల్లంగిలో ఆయన పేరిట గుడి ఉంది. అమావాస్యనాడు సముద్రస్నానానికి వెళ్లే జనం దాని ముందునుంచే వెళ్తారు. డచ్చివాడు తొంభై ఏళ్లు కూర్చుని ఈ పేటకు సమాధులు ఇచ్చి వెళ్లాడు. ఒక్క మత్స్యకారుడి కొడుకు రంగం వెళ్లివచ్చి చదువు ఇచ్చి వెళ్లాడు. జగన్నాథపురాన్ని ఎవరు తయారుచేశారని అడిగితే నేను చెప్పే పేరు ఇదే.

యానాం వాళ్లూ సముద్రం దాటారు. అయితే వాళ్ల దారి వేరు, దాని ముగింపు వేరు. పద్దెనిమిదో శతాబ్దంలో ఈ తీరం నుంచి కరువు రోజుల్లో మనుషుల్ని కొని ఫ్రెంచి దీవులకు బానిసలుగా పట్టుకుపోయారు. 1820ల చివర్లో, ఇంకా పెద్ద ఎత్తున కూలీల ఎగుమతి మొదలవకముందే, యానాం నుంచి రీయూనియన్ చెరకు తోటలకు ఒప్పందపు కూలీలు వెళ్లారు. వాళ్లలో చాలామంది తిరిగిరాలేదు. అక్కడే కలిసిపోయారు, పేర్లు మారాయి, భాష పోయింది. మారిషస్ తెలుగువాళ్లు కొంత నిలబెట్టుకున్నారు, అక్కడ ఉగాదికి ప్రభుత్వం సెలవిస్తుంది. ఇక్కడే రెండు ఊళ్ల పోలికా తేడా కలిసి కనిపిస్తాయి. రెండూ మనుషుల్ని పంపిన ఊళ్లే. కానీ రంగం మనుషుల్ని తిరిగి పంపింది, రీయూనియన్ పంపలేదు. అందుకే జగన్నాథపురంలో వలసకు ఒక కళాశాల, ఒక వీలునామా, ముసలివాళ్ల నోట రంగం కబుర్లు మిగిలాయి. యానాంలో వలసకు గుర్తు లేదు.

రంగం కథ కూడా సుఖంగా ముగియలేదు. 1930 మేలో రేవు పనుల కోసం రంగంలో తెలుగువాళ్లకూ బర్మావాళ్లకూ జరిగిన గొడవల్లో మనవాళ్లు ఎంతోమంది చచ్చిపోయారు. 1942లో జపాను దాడికి అడవుల వెంట నడిచి పారిపోయి వచ్చారు. వచ్చినవాళ్లను ఈ తీరపు పేటలు ఇముడ్చుకున్నాయి. కాకినాడ జనాభాలో ఆ ముద్ర ఉందన్న సంగతి ఇప్పుడు ఎవరూ పెద్దగా తలుచుకోరు.

ఇక గీత సంగతి. 1929లో బ్రిటిష్ ఇండియాలో శారదా చట్టం వచ్చింది. పద్నాలుగేళ్లు నిండని ఆడపిల్లకు పెళ్లి చేస్తే శిక్ష. యానాంలో ఆ చట్టం లేదు. అంతే, పల్లకీలు యానాం దారి పట్టాయి. గోదావరి జిల్లాల నుంచీ, ఇంకా దూరం నుంచీ పసిపిల్లల్ని తీసుకువచ్చి పెళ్లిళ్లు చేసుకుని వెళ్లేవాళ్లు. ఊరికి కల్యాణపురమని పేరు పడింది. పందిళ్లు వేసేవాళ్లకూ, మేళగాళ్లకూ, పూల అంగళ్లకూ, బస ఇచ్చే ఇళ్లకూ పని దొరికింది.

దీన్ని కాకినాడ పక్కన పెట్టి చూడాలి. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం మొదటి వితంతు వివాహం చేయించినప్పుడు వెనక నిలిచిన డబ్బు కాకినాడ వర్తకుడు పైడా రామకృష్ణయ్యది. బ్రహ్మసమాజం వేళ్లూనుకున్నది కాకినాడలో. పిఠాపురం రాజావారి కళాశాల ప్రిన్సిపాలుగా రఘుపతి వెంకటరత్నం నాయుడు కుర్రవాళ్లను మలిచింది కాకినాడలో. ఇంత సంస్కరణ ఒక పక్క, యాభై ఏళ్ల తర్వాత కూడా బాల్యవివాహాల పందిళ్లు ఇంకో పక్క. యానాంను వెనకబడ్డ ఊరని తీసిపారేయడం సులువు. కానీ ఆ పందిళ్లలో కూర్చున్నది యానాం పెళ్లికూతుళ్లు కారు. ఇటువైపు నుంచి, సంస్కరణ గడ్డ మీదనుంచి బళ్లలో వెళ్లినవాళ్లే. యానాం వాళ్లకు నేల ఇచ్చింది. కాకినాడ వైపు కుటుంబాలు తమ ఊళ్లో పైకి చెప్పలేని పనిని గీత దాటి చేసుకున్నాయి. రెండు ఊళ్లూ ఒకే సమాజానికి రెండు గదులు. ఒక గదిలో ఉపన్యాసం, ఇంకో గదిలో ముహూర్తం. ఈ విషయంలో ఒకదాన్ని మెచ్చుకుని ఇంకోదాన్ని తిట్టడానికి నాకు మనసొప్పదు. వేదన మాత్రం ఆ పిల్లల కోసం.

1954 జూన్ 13న దడాల రఫేల్ రమణయ్య నాయకత్వంలో యానాం ఫ్రెంచి పాలన నుంచి బయటపడింది. రమణయ్య యానాంలోనే ఫరంపేటలో పుట్టినవాడు, ఫ్రెంచి పోలీసులో పనిచేసినవాడు. అదే ఏడాది నవంబరు 1న పాలన చేతులు మారింది. 1962 ఆగస్టు 16న చట్టప్రకారం విలీనం పూర్తయింది. ఫ్రెంచి పౌరసత్వం ఎంచుకునే వెసులుబాటు అప్పుడు ఇచ్చారు. పుదుచ్చేరి, కారైకాల్‌లతో పోలిస్తే యానాంలో అలా ఎంచుకున్న కుటుంబాలు కొద్దే. గీత మాత్రం చెరగలేదు. ఎనిమిది వందల కిలోమీటర్ల అవతలి పుదుచ్చేరిలో శాసనసభ, అందులో యానాంకు ఒక స్థానం. పన్నులు వేరు, పెట్రోలు ధర వేరు, మద్యం ధర వేరు. కాకినాడ నుంచీ కోనసీమ నుంచీ ఆదివారం బళ్లు యానాం వైపు ఎందుకు వెళ్తాయో చెప్పనక్కరలేదు.

ఈ గీత కొత్త జనాన్ని తెచ్చింది. 2001లో యానాం జనాభా 31,394. 2011లో 55,626. పదేళ్లలో డెబ్బై ఏడు శాతం పెరిగింది. పుట్టుకలతో ఏ ఊరూ ఇంత పెరగదు. పన్ను రాయితీల కోసం ఫ్యాక్టరీలు వచ్చాయి, పనికోసం మనుషులు వచ్చారు. రేషను కార్డు, పింఛను, ఉద్యోగం, ఇంటిస్థలం విషయంలో చిన్న కేంద్రపాలిత ప్రాంతం ధారాళంగా ఇవ్వగలిగింది కాబట్టి గీతకు ఇవతలి ఊళ్లవాళ్లు అవతల ఇల్లు కట్టుకున్నారు. 2002లో గౌతమి మీద ఎదుర్లంక దగ్గర బాలయోగి వారధి పడ్డాక పంటు కోసం నిలబడాల్సిన అవసరం పోయింది, కోనసీమ యానాం వీధికి వచ్చేసింది.

దీనికి ఇంకో వైపు ఉంది, అది నన్ను ఎక్కువ బాధిస్తుంది. పుదుచ్చేరి షెడ్యూల్డ్ కులాల జాబితా 1964లో వచ్చింది. అప్పటికే అక్కడ ఉన్న కుటుంబాలు స్థానికులు, తర్వాత వచ్చినవాళ్లు వలసవాళ్లు. ఒకే కులం, ఒకే ఇంటిపేరు, ఒకే తాత మనవలు. యానాంలో ఉన్నవాడి మనవడికి ఒక రకం ధ్రువపత్రం, నడిచి వెళ్లేంత దూరంలోని ఊళ్లో పుట్టి తర్వాత వచ్చినవాడి మనవడికి ఇంకో రకం. పుదుచ్చేరిలో ఈ వలసవాళ్ల రిజర్వేషను వాదన సుప్రీంకోర్టుదాకా వెళ్లింది, 2005లో తీర్పు వచ్చింది. జగన్నాథపురంలో ఇలాంటి తేడా లేదు. అక్కడ కులం కులంగానే ఉంది. ఏటిమొగలో మత్స్యకారులు, వేరే వీధుల్లో మాలలు, ముస్లింలు, కాపులు, కోమట్లు. పేటకో గీత ఉంది, కానీ కాగితం మీద గీత లేదు. యానాంలో వీధులు కొంచెం ఎక్కువ కలిసిపోయి కనిపిస్తాయి, కాగితాలు విడదీస్తాయి. ఏది మేలో తేల్చడం నా వల్ల కాదు.

మతం సంగతీ ఇలాగే. యానాం చర్చి ఫ్రెంచి అధికారుల కోసం వచ్చింది, కతోలికం ప్రభుత్వం వెంట నడిచింది. యానాం మసీదు కూడా ఫ్రెంచి పాలనలో, పందొమ్మిదో శతాబ్ది నడిమి కాలంలో వచ్చిందే. కాకినాడలో క్రైస్తవం కింది నుంచి వచ్చింది. థామస్ గాబ్రియేలు అనే తెలుగు క్రైస్తవుడు పనిమొదలుపెట్టి, భారం మోయలేక కెనడా బాప్టిస్టులను పిలిచాడు. 1874లో మెక్లారిన్ దొర వచ్చాడు. మెక్లారిన్ పేరిట ఉన్నత పాఠశాల నిలిచింది. మిషను బళ్లలో చదివిన మాల, మాదిగ పిల్లలు టీచర్లయ్యారు, నర్సులయ్యారు. యానాం చర్చి ఊరికి అందం ఇచ్చింది. కాకినాడ మిషను ఊరికి ఒక కొత్త మధ్యతరగతిని ఇచ్చింది. అందాన్ని చులకన చేయను గానీ, జనాభా మారింది రెండోదానివల్ల.

తేడాలన్నీ వదిలేసి ఈ రెండు ఊళ్లూ ఒకటేనని చూడాలంటే పొద్దున్నే చేపల దగ్గర నిలబడాలి. కాకినాడ కుంభాభిషేకం రేవులో బోట్లు వచ్చేసరికి గంపలు పట్టుకుని ఆడవాళ్లు తయారుగా ఉంటారు. వంజరం, చందువా, కానాగంతలు, రొయ్య, పీత కుప్పలుగా పోస్తారు. పాట మొదలవుతుంది. పాట పాడేవాడి నోరు ఆగదు, కొనే అమ్మ నోరు అంతకన్నా ఆగదు. ఒక్క తల ఊపుతో కుప్ప చేతులు మారుతుంది. ఐసు వేసి, ఆటో మాట్లాడి, వంతెన దాటి ఇళ్ల ముందుకు చేరుస్తారు. యానాంలో వానాకాలం ఎర్రనీరు దిగిన రోజుల్లో గట్టున పులస కోసం ఇదే పాట. అక్కడ కుప్పలుండవు, ఒక్కో చేపకే పాట, వేలల్లో పలుకుతుంది. కొనే ఆమె చేపను మొప్పల దగ్గర విప్పి చూసి, పులసా విలసా అని తేల్చుకుని, కోనసీమ నుంచో రాజమండ్రి నుంచో ఫోను చేసిన ఆసామికి ధర చెబుతుంది. రెండు చోట్లా పాడుతున్నది ఒకే కులాల ఆడవాళ్లు, చాలాసార్లు ఒకే వియ్యాలవాళ్లు. యానాం దరియాలతిప్ప పిల్లను కాకినాడ ఏటిమొగకు ఇస్తారు, ఏటిమొగ పిల్లను యానాం సావిత్రినగర్‌కు ఇస్తారు. 1996 నవంబరు 6 తుపాను ఈ రెండు తీరాలనూ ఒకే రాత్రి ముంచింది. సముద్రంలోకి వెళ్లి రాని బోట్లు రెండువైపులవీ. అప్పుడు ఫ్రెంచీ లేదు, డచ్చీ లేదు, ఆంధ్రా లేదు, పుదుచ్చేరీ లేదు. నష్టపరిహారం దగ్గర మాత్రం రెండు ప్రభుత్వాలు, రెండు వరసలు.

ఈమధ్య యానాం తన ఫ్రెంచితనాన్ని గట్టిగా చూపించుకుంటోంది. ఈఫిల్ టవరును తలపించే గోపురం కట్టుకుంది, గోదావరి గట్టును పుదుచ్చేరి కడలి గట్టులా తీర్చిదిద్దుకుంది. జగన్నాథపురం డచ్చివాణ్ని పూర్తిగా మరిచిపోయింది. అందులో నాకు తప్పేమీ కనిపించదు. యానాం ఫ్రెంచితనం వల్లే ప్రత్యేక బడ్జెట్టు తెచ్చుకుంటోంది, దాన్ని గుర్తుంచుకోవడం దానికి బతుకుతెరువు. జగన్నాథపురానికి డచ్చివాడితో పనిలేదు.

అయితే యానాంకు ఫ్రెంచివాళ్లు ఇచ్చిన నిజమైన ఆస్తి గోపురం కాదు, రిజిస్టరు. ఊళ్లో జననం, మరణం, పెళ్లి పేరుపేరునా రాసి పెట్టారు. ఆ పుస్తకాలు ఫ్రాన్సులో ఎక్స్-ఆన్-ప్రొవాన్స్ పట్టణంలోని పాత వలసల పత్రాగారంలో ఉన్నాయి. యానాం చరిత్ర రాసేవాడికి ఓ కూలి కుటుంబం పేరు కూడా దొరుకుతుంది. జగన్నాథపురం చరిత్ర రాసేవాడికి సమాధి మీద దొర పేరు, వీలునామాలో ధర్మాత్ముడి పేరు, సంఘాల బాప్తిస్మపు పుస్తకాల్లో కొన్ని పేర్లు దొరుకుతాయి. రంగం వెళ్లి రానివాడి పేరు దొరకదు.

ఇప్పుడు ఈ తీరం నుంచి వెళ్తున్నది ఎక్కువగా ఆడవాళ్లు. కువైట్, మస్కట్, దుబాయ్ ఇళ్లల్లో పనికి. కోనసీమ నుంచి, నరసాపురం నుంచి, యానాం నుంచి, కాకినాడ పేటల నుంచి. వాళ్లు పంపిన డబ్బుతో రెండు చోట్లా డాబాలు లేస్తున్నాయి, పిల్లలు ఇంజనీరింగు చదువుతున్నారు. ఎవరు వెళ్లారో, ఎవరు వచ్చారో, ఎవరు రాలేదో కాకినాడ నగరపాలక సంస్థ రాసుకోదు, యానాం పాలనాధికారి కార్యాలయం రాసుకోదు. వార్డుకొక పుస్తకం తెరిచి, వెళ్లిన ఆమె పేరు, ఊరు, వెళ్లిన దేశం, యజమాని చిరునామా, వెళ్లిన తేదీ, వచ్చిన తేదీ రాసిపెట్టడానికి పెద్ద ఖర్చవదు. ఆ పని కాకినాడలో వార్డు సచివాలయాలు, యానాంలో పాలనాధికారి కార్యాలయం ఈ ఏడే మొదలుపెట్టాలి.